బ్యూటీషియన్ కోర్సు మీద మా పెద్దత్త విచారణ

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో ఇంటర్ తప్పిన ఆడపిల్లకి రెండే దారులుండేవి: టైపు ఇన్‌స్టిట్యూట్, లేదంటే పెళ్లి. నాకు రెండూ గిట్టలేదు. విశాఖపట్నంలో ఎవరో బ్యూటీషియన్ స్కూలు పెట్టారని పేపర్లో చూసి, అందులో చేరకపోతే నా బతుకు బుగ్గిపాలేనని అన్నం మానేశాను (రాత్రి పూట మాత్రం తినేదాన్ని). ఫీజు కట్టగలిగింది మా పెద్దత్త ఒక్కతే. నాన్నకి అక్క, మిషన్ బడిలో టీచరు. ఆవిడ కాదంటే ఇక అంతే.

"ఇస్కూలోళ్లు బాగుందనే సెప్తారు. అక్కడ నేర్సుకున్న పిల్ల ఇప్పుడేటి సేత్తందో నా కళ్లతో సూడాల," అంది అత్త. అలాంటి పిల్ల పాయకరావుపేటలో ఒకత్తి ఉందని మా పాస్టరమ్మగారు చెప్పి, మేం వస్తున్నామని ఆ ఇంటికి కబురు కూడా పంపారు. ఎందుకు వస్తున్నామో చెప్పడం మాత్రం మరిచిపోయారు.

ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కాం. వాళ్లింట్లో మంచం మీద కొత్త దుప్పటి, ప్లేట్ల నిండా జంతికలు, మైసూరుపాకు. టీచరునని ఇంత మర్యాద అనుకుని అత్త మురిసిపోయి, "ప్రభువా, ఈ ఇంటి ఆడపిల్లని దీవించు" అని ప్రార్థన చేసి మరీ తింది. పిల్ల వాళ్లమ్మగారు కళ్లు ఒత్తుకున్నారు. తర్వాత మా అత్త ప్రశ్నలు: "పిల్ల ఎంతవరకు సదివింది? నెలకేపాటి వస్తంది? పొద్దస్తమానం నిలబడే పని కదా, కాళ్లు పీకవా?" ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పి, "వంట కూడా వచ్చండి" అని అడగనిది కూడా చెప్పారు. నాకప్పుడే అనుమానం రావలసింది. ఏం చేయను, నోటినిండా మైసూరుపాకు!

ఇంతలో పిల్ల వచ్చింది. వాలుజడ, తీర్చిన కనుబొమలు, ఎక్కడా తెల్లగా తేలని పౌడరు. అత్త లేచి, గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురులోకి తిప్పి చూసి, "బాగుందమ్మా, శానా బాగుంది" అంది.

వాళ్లమ్మగారి మొహం వెలిగిపోయింది. "మరి అబ్బాయిగారేటి సేత్తన్నారండీ?"

"అబ్బాయేటి?" అంది అత్త.

భూమి చీలితే బాగుండుననిపించింది నాకు. అత్త నా కోర్సు సంగతి చెప్పింది. "పాస్టరమ్మగారు పంపితే సంబంధం కాక మరేటనుకుంటామండీ!" అని ఆవిడ ఏడుపు లంకించుకున్నారు. అయిపోయింది, ఇక నాకు టైపు మిషనే గతి అనుకున్నాను.

పిల్ల మాత్రం పకపకా నవ్వింది. "ఊరుకోయే అమ్మా! టీచరుగారూ, ఎలాగూ వచ్చారు, ఇలా కూకోండి, కనుబొమలు సరిసేత్తాను," అని దారం పళ్ల మధ్య పట్టింది. పని చేస్తూనే మధ్య మధ్యలో దారం వదిలి ఉన్నదున్నట్టు చెప్పింది. "మూణ్నెల్ల కోర్సండి. మొదటి నెలంతా రాలిన జుట్టు ఊడ్సడమే. పెళ్లిళ్ల కాలంలో ఊపిరాడదు, మిగతా రోజులు జాకెట్లు కుట్టుకుంటాను." బడి మొత్తాన్ని గడగడలాడించే అత్త, "ఓలమ్మో, సంపేత్తన్నావే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

తిరుగు బస్సులో అత్త ఎర్రబడిన కనుబొమలు తడుముకుంటూ కూర్చుంది. ఆఖరికి అంది: "సంబంధం కాదని తెలిసి నవ్వేసిందే ఆ పిల్ల! మూణ్నెల్లలో అంత గుండె ధైర్యం నేర్పిన ఇస్కూలు మంచిదే అయ్యుంటాది. బేగి సేరు."

చేరాను. జుట్టు ఊడవడం నేర్పారు, జడలు నేర్పారు, దారం పట్టడం నేర్పారు. ఆ ధైర్యం పాఠం మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ఆ పిల్ల ఇంటినుంచే తెచ్చుకున్నట్టుంది. పాపం, ఇవాళ కాకపోతే రేపు చెబుతారని మొదటి వరసలో బుద్ధిగా కూర్చున్న అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.