జాలు నేలలో వావిలి

మొన్న పొద్దున నేను బడికి తయారవుతుంటే, అమ్మ ఫోన్ పెట్టేసి "పెద్దమ్మ పోయిందే" అంది. బూర్గంపాడు దగ్గర వాగు పక్కన ఉండే మా పెద్దమ్మ. నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇక ఆ వావిలి పొదలకు కాపలా ఎవరు?

పెద్దమ్మ ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. పాలు పోయించుకున్నాక వేలు ముంచి చూసేది. ఎవరైనా మెచ్చుకుంటే "నీకేం కావాలె?" అని అడిగేది. సెలవులకు వెళ్తే, నేను సంచి దించకముందే "ఎవరు పంపిండ్రు నిన్ను?" అనేది. తరవాత అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది.

ఆమె పొలం చివర, వాగు వైపు ముక్క ఎప్పుడూ జాలు పట్టి ఉండేది. కాలు పెడితే దిగబడే నేల. వరి వేస్తే కుళ్లిపోయేది. ఒక ఏడాది పైమడిలో దోస పూత బాగా వచ్చింది గాని పిందె నిలవలేదు. పక్క పొలం బాబాయి దిష్టే తగిలిందని పెద్దమ్మ మొదట అంది. తరవాత పూల మీద తేనెటీగలే లేవని గమనించింది. వాగు ఒడ్డు నుంచి వావిలి కొమ్మలు నరికి తెచ్చి, జాలులో బాబాయి గట్టు వెంట వరసగా గుచ్చింది.

మా వైపు పొలం అంచున వావిలి గుచ్చారంటే హద్దు వేసుకున్నట్టే. బాబాయి ఉరికొచ్చాడు.

"ఏంది వదినా, గట్టు జరుపుతున్నవా?"

"ఈగల కోసం పెడుతున్న."

"అవ్ మరి! ఆ పూలేవో నా చెవిలనే పెట్టరాదు?"

మర్నాటికి కొన్ని కొమ్మలు పీకేసి ఉన్నాయి. ఆమె ఒక అడుగు తన వైపుకే జరిగి మళ్లీ గుచ్చింది.

ఆ ఘాటు వాసనకు మేకలు ముట్టలేదు. పొదలు లేచాయి, ఊదా పూల గుత్తులు వచ్చాయి. తేనెటీగలు, సీతాకోకచిలుకలు మూగాయి. లోపల జెముడుకాకి గూడు కట్టింది. దోసలూ కాశాయి, కానీ బాబాయి మడిలో ఇంకా ఎక్కువ. "చూసినవా? మేసేది నా కాడ, పని చేసేది వాని కాడ!" అని ఈగలనూ అనుమానించింది పెద్దమ్మ.

బడిలో నేర్చుకున్న 'పరాగసంపర్కం' అనే మాట నాకు తెగ నచ్చి, ఆమెకు చెప్పాను.

"గంత పెద్ద పేరెందుకే దానికి? ఎవడన్న పన్ను ఏస్తడు" అంది. సాయంత్రం పొదల దగ్గర నిలబడి, అదే మాట మళ్లీ చెప్పించుకుంది.

అంత్యక్రియల మర్నాడు బాబాయి కొడవలి పట్టుకుని వాగు వైపు వెళ్లడం చూశాను. వెనకే వెళ్లాను. ఒక్క పొదనూ నరకలేదు. ఒక కొమ్మకు మాత్రం పచ్చి కోత. గాలివానకు పొద ఒరిగి ఖాళీ పడిన చోటికి ఎదురుగా, ఆ కొమ్మను నాటి మట్టి అదుముతున్నాడు. పెద్దమ్మ వరసలో కాదు, ఒక అడుగు తన పొలంలోకి.

నన్ను చూసి మొహం చిట్లించాడు. "ఏంది చూస్తున్నవ్? ఎవరు పంపిండ్రు నిన్ను?"

పెద్దమ్మ ఉంటే "వాడు ఊరికె చెయ్యడు, చూస్తుండు" అనేది. నేనూ ఇంకా పూర్తిగా నమ్మలేదు. ఆయన వెళ్లిపోయాక అక్కడే నిలబడ్డాను. కొమ్మ ఆకులు వడలి వేలాడుతున్నాయి. పక్కనే ఆయన మడమ దిగిన గుంటలో నీళ్లు మెల్లగా ఊరుతున్నాయి.