సైకిల్ పందెం రోజున, ఫ్లెక్సీ వెనక అక్క ఇల్లు

మా అక్క నరసమ్మకు ఉబ్బసం. వానాకాలం వెళ్ళేదాకా హిందూపురంలో నా దగ్గర ఉండమని రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. ఆ శుక్రవారం ఫోనులో మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి ఈడ్చుకునే చప్పుడు విన్నాక అడగడం మానేశాను. "ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపోతాను, మూట కట్టుకో" అని చెప్పాను. "సరేలే" అంది. మా అక్క నాకు ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి. భయం అక్కడే మొదలైంది.

అక్క ఉండేది బెంగుళూరు పాత పేటలో, అవెన్యూ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక సందులో. మా బావ జరీ వ్యాపారం చేసేవాడు. ఒకప్పుడు ఆ సందులో కింద దుకాణాలు, పైన కాపురాలు ఉండేవి. తర్వాత ఒక్కొక్కరే కొత్త లేఔట్లకు తరలిపోయారు. పై గదులన్నీ గోడౌన్లయ్యాయి. దుకాణాల్లో సగానికి బేరాలు లేవు. బావ పోయాక ఆ సందులో రాత్రిపూట దీపం వెలిగే ఇల్లు మా అక్కది ఒక్కటే.

శనివారం ప్యాసింజరులో వచ్చాను. టికెట్టు పంతొమ్మిది రూపాయలు. మడివాళలో మా మనవరాలు పావని ఉండే పీజీ హాస్టల్లో ఆ రాత్రికి దిగాను. అతిథికి వంద రూపాయలు, అందులోనే పొద్దున ఉప్మా, కాఫీ. అక్క సామాను మోయడానికి పావని తోడు వస్తానంది. ఆదివారం ఆరున్నరకు అక్క ఇంటికి ఫోను చేశాను. మోగలేదు. ఏదో గరగర శబ్దం వచ్చి ఆగిపోయింది. పది నిమిషాలాగి చేసినా అదే శబ్దం.

"లైన్ ప్రాబ్లమ్ అయ్యుంటుందిలే అవ్వా, టెన్షన్ పడద్దు," అంది పావని.

"మొన్న లేని ప్రాబ్లమ్ ఈరోజే ఎందుకు వచ్చింది? ఉప్మా వదిలెయ్, చెప్పులేసుకో," అన్నాను.

టౌన్‌హాల్ బస్సెక్కి టికెట్టు అడిగితే కండక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఈ పొద్దు శాంతినగరే లాస్టమ్మా. ముందుకు బిడరు, పోనీరు. సైకిల్ రేసుండాది." పందెం సంగతి పేపర్లో చదివాను గానీ అది అక్క ఇంటి ముందునుంచి పోతుందని తెలియదు. దేశదేశాల వాళ్ళు వస్తున్నారట, ఊరి నడిబొడ్డు చుట్టూ తిరుగుతారట, టీవీలో చూపిస్తారట. శాంతినగర్‌లో ఆటో అడిగితే యాభై అన్నాడు. మీటరు వెయ్యమన్నాను.

"మీటరు వేసేదానికి రోడ్డుండాల కదమ్మా! రోడ్డే లేదీ పొద్దు. సందులెంబడి తిప్పుకొని పోవాల," అన్నాడు డ్రైవరు. ముప్పై అయిదుకు ఒప్పుకున్నాడు. టౌన్‌హాల్‌కు కాస్త ఇవతలే దింపేశాడు. అప్పటికి ఎనిమిది కావస్తోంది.

రోడ్డు పొడుగునా ఇనుప కంచెలు కట్టారు. రోజూ గుంతలుండే చోట అద్దంలాంటి కొత్త తారు పోశారు. అవతలి వైపు పేట మొదలవ్వాలి, కానీ నాకు పేట కనిపించలేదు. గోడలు పెచ్చులూడిన మేడలు, విరిగిన బోర్డులు, సగం కూలిన వసారాలు ఉండాల్సిన చోట ఈ చివరనుంచి ఆ చివరదాకా నీలం ఫ్లెక్సీలు కట్టేశారు. వాటినిండా సైకిళ్ళ బొమ్మలు, పూలతోటలు. టీవీలో పాత గోడలు కనపడకుండా కప్పేశారని పావని చెప్పింది. లౌడ్‌స్పీకర్లో ఎవరో గొంతు చించుకుంటున్నాడు.

కంచె దగ్గర కానిస్టేబులును బతిమాలాను. అతను ముళబాగిలు వైపు మనిషి, మన తెలుగే. "అవ్వా, గుంపు ఒకటి పోనీ, బిడతాను. మధ్యలో పోతే వాళ్ళూ బతకరు, నువ్వూ బతకవు," అన్నాడు. ముందు గాలి వచ్చింది, దాని వెనకే బుస్సుమని సైకిళ్ళ గుంపు. నా కొంగు కంచెకు కొట్టుకుంది. ఒక్కడి మొహం కూడా కనపడలేదు. అది పోగానే అతను కంచె జరిపాడు. పావని నా మోచెయ్యి పట్టుకుంది. ఆ కొత్త తారు మీద గబగబా దాటాం. వెనకనుంచి ఎవరో విజిలు వేస్తూనే ఉన్నారు.

అవతలికి చేరాక అసలు భయం పట్టుకుంది. అక్క సందు ఎక్కడుందో తెలియలేదు. నలభై ఏళ్ళుగా వస్తూపోతున్న సందు మొగ ఆ నీలం గుడ్డ వెనక ఎక్కడో ఉంది. మూలనున్న గంటల కొట్టునుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఒక చోట ఫ్లెక్సీ అడుగు పైకెత్తి, ఇద్దరం వంగి లోపలికి దూరాం. లోపల చీకటిగా ఉంది. ఎదురుగా సందు ఇనుప గేటు, దానికి గొలుసు.

ఆ గేటు గొలుసుకు ఒక పద్ధతుంది. ఆరు దుకాణాల వాళ్ళవీ అక్కదీ, మొత్తం ఏడు తాళాలు ఒకదానిలో ఒకటి తగిలించి గొలుసు రెండు కొసలూ కలుపుతారు. ఎవరు తమ తాళం తీసినా గేటు తెరుచుకుంటుంది. అక్క లోపలినుంచి కమ్మీల్లో చెయ్యి దూర్చి తన తాళం తీసుకునేది. ఆరోజు మిగిలినవన్నీ వరుసలో ఉన్నాయి. అక్క ఇత్తడి తాళం మాత్రం పక్క తాళానికి ఊరికే వేలాడుతోంది. దాన్ని తీసినా గొలుసు వదలదు. ఎవరైనా ఖాళీ చేసి వెళ్ళిపోతే వాళ్ళ తాళాన్ని అలా పక్కకు తప్పిస్తారు.

"అక్కా!" అని అరిచాను. లౌడ్‌స్పీకరు నా గొంతు మింగేసింది. గోడ మీద ఫోను తీగ తెగి వేలాడుతోంది. ఫ్లెక్సీ కట్టినవాళ్ళు లాగినట్టున్నారు.

షట్టర్ల మీద రాసిన నంబర్లకు పావని తన సెల్లునుంచి చేసింది. మొదటిది లేదు, రెండోది లేదు. ఆ వ్యాపారాలే లేవు. మూడోది పూసల కొట్టు శెట్టిగారు ఎత్తారు.

"గేటు నిన్న సాయంత్రం నేనే వేసినానమ్మా. పందేనికి అన్నీ ముయ్యాలని వచ్చి చెప్పిరి. నరసమ్మక్క ఊరికి పోతా ఉండానని మొన్న తులసి కుండ కూడా మాకిచ్చేసె. మొన్న మెట్ల మీదుండిన మూటలు నిన్న కనపడలే. పోయిందనుకొని ఆమె తాళం తప్పించినాను..." అని, అంతలోనే, "అయ్యో దేవుడా. లోపలుండాదా?" అన్నాడు.

"ఉంది. మీరు ఎంతసేపట్లో వస్తారు?"

"ఎట్ల వచ్చేదమ్మా, అన్ని దోవలూ కట్టేసినారు. నా తాళం కోసెయ్యండి. పూసల బొమ్మ ఉండేది నాదే. కోసెయ్యండి!"

పావని ఫ్లెక్సీ కిందనుంచి బయటికి పరిగెత్తి కానిస్టేబులును పిలుచుకొచ్చింది. పందెం చూడ్డానికి వచ్చిన ఒక సైకిల్ మెకానిక్కు తన కొట్టు తెరిచి రంపపు బ్లేడు తెచ్చాడు. అతను కోస్తున్నంతసేపూ నేను గేటు కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. అక్కకు డెబ్బై ఆరేళ్ళు. ఆ మెట్ల మీద ఏమి చూడబోతానో ముందే అనేసుకున్నాను. ఏడుపు రాలేదు.

అక్క మెట్ల మలుపులో, తన మూటకు ఆనుకొని కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఒళ్ళో సత్తుపళ్ళెం, గరిటె. రాత్రంతా కొట్టిందట. ఆ గోడౌన్లకు వినపడలేదు. పొద్దుననుంచి కొట్టినా లౌడ్‌స్పీకరు ముందు ఎవరికి వినపడుతుంది? పీల్చే మందు నిన్ననే అయిపోయింది, తెచ్చుకుందామని దిగితే గేటు తెరుచుకోలేదట. నన్ను చూసి చెయ్యెత్తింది గానీ మాట రాలేదు.

పందెం వాళ్ళ అంబులెన్సు మూలలోనే నిలబడి ఉంది. సైకిళ్ళవాళ్ళకోసమే ఉంచారని, వదిలి రాకూడదని అందులోని కుర్ర డాక్టరు నసిగాడు.

"బాబూ, సైకిలు మీదనుంచి ఎవరైనా పడితే నువ్వు పరిగెత్తు, నేను ఆపను. ఇప్పటికి ఎవరూ పడలేదు. ఈమె పడింది," అన్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పాఠం చెప్పిన గొంతు అది. అతను సిలిండరు తీసుకొని నా ముందు నడిచాడు.

ఆక్సిజను పెట్టి, మందు పొగ పట్టించాక అక్క పెదవులకు రంగు రావడానికి చాలాసేపు పట్టింది. పందెం అయ్యి కంచెలు తీశాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు రోజులుంచారు. మంగళవారం సాయంత్రం ప్యాసింజరుకు ముగ్గురం హిందూపురం చేరాం.

ఆ పందెం టీవీలో చూశామని, బెంగుళూరు ఎంత బాగుందోనని మా వీధిలో అందరూ అన్నారు. బాగానే ఉంది, నేనూ చూశాను. ఆ నీలం గుడ్డ వెనక ఎవరూ లేరని అనుకున్నవాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడు, నాకు వణుకు పుట్టించేది అదే. నెల తిరిగేసరికి అక్క తేరుకుంది, తేరుకున్న రోజే మూట కట్టుకుంది. వద్దని కోప్పడ్డాను. "నేనక్కడ లేకపోతే శెట్టి అనుకున్నిదే నిజమైపోతుంది గదే. గుడ్డ కట్టేస్తారు, మళ్ళ ఇప్పరు," అంది. రైలెక్కించి వచ్చాను. ఇప్పుడు రోజూ పొద్దున ఆరున్నరకు ఫోను చేస్తాను, ఆమె ఎత్తేదాకా ఊపిరి బిగపట్టుకొనే ఉంటాను.

పందేనికో ఊరేగింపుకో ఊరి నడిబొడ్డు మూసే రోజున పాత పేటలోని మీవాళ్ళ దగ్గరికి వెళ్ళాలనుకుంటే, ముందురోజు సాయంత్రమే చేరి ఆ రాత్రి వాళ్ళతోనే పడుకోండి. తెల్లవారి వెళ్దామని మరో చోట ఆగకండి.