చౌరస్తాలో ఎవరి చప్పట్లు

ఇది నిజంగా జరిగింది. అబద్ధమైతే ఈ పూట తిన్న అన్నం నాకు అరగకూడదు. నవ్వితే నవ్వండి... మధ్యలో మాత్రం లేచి పోవద్దు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. నల్లగొండలో మా ఇల్లు పెద్ద చౌరస్తాకు ఎదురుగానే ఉండేది. ఊరికి ఏ పనున్నా అక్కడే. అంగడి అక్కడే, దండోరా అక్కడే. పీర్ల పండుగకు నిప్పుల గుండం అక్కడే తవ్వేవారు. బతుకమ్మ కూడా అక్కడే ఆడేవాళ్లం. మా అత్త పీర్లకు ఊదు వేసేది. గాజులమ్మే ఫాతిమా మా బతుకమ్మకు తంగేడు పువ్వు కోసుకొచ్చేది.

ఆ ఏడు ఏదీ లేదు. ముందు రజాకార్లు తిరిగారు. పొద్దుగూకితే మేము తలుపులు మూసుకునేవాళ్లం. తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. మిలట్రీ లారీలు చౌరస్తాలో ఆగాయి. రాత్రి బయటికొస్తే కాలుస్తామన్నారు. ఇప్పుడు భయపడడం ఫాతిమా వంతైంది. మగడు ఎటుపోయాడో తెలియదు. తనేమో నిండు చూలాలు. అత్త పోయి ఆమెను తీసుకొచ్చి మా వెనక అర్రలో దాచింది. మా ఆయన గొర్రెల మంద వెంట దేవరకొండ దిక్కు పోయాడు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లమే.

అమావాస్య వెళ్లిన మూడో రాత్రి ఫాతిమాకు నొప్పులు మొదలయ్యాయి. అత్త కడుపు మీద చెయ్యి వేసి చూసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఎల్లవ్వను తోలుకరావాలె. లేకుంటే ఇద్దరు దక్కరు" అంది.

ఎల్లవ్వ మంత్రసాని. ఆమె ఇల్లు చౌరస్తా అవతలి గల్లీలో.

"నేను పోత" అన్నాను.

"దీపం పట్టకు. గోడ పొంటి పో."

గోడ ఉన్నంతవరకు బాగానే పోయాను. గోడ అయిపోయింది. ఇక చౌరస్తా దాటాలి. సరిగ్గా నడిమిట్లోకి వచ్చాను... అప్పుడు విన్నాను.

చప్పట్లు.

ఒకటి... ఆగింది. ఇంకొకటి... ఆగింది. మెత్తగా. చాలామంది కలిసి ఒకేసారి కొడుతున్నట్టు. బతుకమ్మ చప్పట్లే. పాట మాత్రం లేదు. గాజులు గలగలమంటున్నాయి. మట్టి మీద పాదాలు రాసుకుంటున్నాయి. నా ముందు... నా వెనక... నా చుట్టూ.

చుక్కల వెలుగుకు నేల కనబడుతోంది. నేల మీద ఎవరూ లేరు.

భయపడ్డానా అంటే... నాకు భయం కూడా తోచలేదు. ఎవరింటి ఆడవాళ్లు వీళ్లు, కాలుస్తారని తెలియదా, అనుకున్నాను. అంతలో భుజం మీద చెయ్యి పడింది. వెచ్చటి చెయ్యి. ఆటలో కొత్తవాళ్లను పక్కకు జరిపినట్టు నెమ్మదిగా జరిపింది. నేను జరిగాను. ఒక అడుగు... మరో అడుగు... ఎన్ని వేశానో. ఒక దుకాణం అరుగు కాలికి తగిలింది. దాని పక్కన కూలబడ్డాను.

చప్పున టార్చి లైటు పడింది. ఇందాక నేను నిలబడ్డ చోటే.

ఇద్దరు సిపాయిలు. వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు. లైటు నడిమిట్లో ఆగింది. తర్వాత గుండ్రంగా తిరిగింది, నెమ్మదిగా... ఒక చుట్టు. వాళ్లూ విన్నారా? ఊరికే తిప్పారా? నాకు తెలియదు. చప్పట్లు ఎప్పుడు ఆగాయో కూడా తెలియదు. బూట్ల చప్పుడు దూరం పోయాక లేచి పరుగెత్తాను.

ఎల్లవ్వ తలుపు తీయగానే అడిగాను, చౌరస్తాలో ఆ సప్పుడు విన్నవా అని.

"ఏం సప్పుడు బిడ్డా? కుక్కలు సుత మొరుగుత లెవ్వు" అంది. మళ్లీ ఏమీ అడగకుండా నా వెంట వచ్చింది. వచ్చేటప్పుడు చౌరస్తాలో ఏమీ లేదు.

తెల్లవారకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా దక్కారు.

పొద్దున గంజి తాగిస్తుంటే ఫాతిమా అడిగింది.

"అక్కా, రాత్రి చౌరస్తాల మాతం చేసింది ఎవ్వలు?"

మాతం అంటే పీర్ల పండుగనాడు గుండెల మీద చేతులతో కొట్టుకోవడం. గిన్నె కింద పెట్టాను.

"మాతం కాదే. బతుకమ్మ చప్పట్లు. గాజులు ఇనబడలేదా?"

"గాజులమ్మేదాన్ని, నాకు ఎరుకగాదా అక్కా? గాజులు లెవ్వు. మొగోళ్ల గుండెల సప్పుడది."

అత్తను అడిగాం. రాత్రంతా ఫాతిమా పక్కనే కూర్చుంది కదా. ఫాతిమా మూలుగు తప్ప తనకేమీ వినబడలేదంది.

తర్వాత అన్ని పండుగలూ మళ్లీ చౌరస్తాకు వచ్చాయి. ఆ పిల్లకు పెళ్లి కూడా అయింది. ఫాతిమా, నేను ముసలివాళ్లమయ్యాం. ఎప్పుడు కూర్చున్నా ఇదే పంచాయితీ. పోయినేడు ఆమె చనిపోయింది. మంచం పట్టాక చూడబోతే, నా చెయ్యి పట్టుకుని "మాతమే అక్కా" అంది. నేను ఆ పూట కూడా ఒప్పుకోలేదు.

ఇద్దరిలో ఒకరం తప్పు విని ఉండాలి. అది నేనే అయితే... నన్ను పక్కకు జరిపిన చెయ్యి ఎవరిది?

ఆడచెయ్యి అనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు అదీ గట్టిగా చెప్పలేను.