రఫూ చేసిన గాలిఓడ

మొన్న ఆదివారం సూరత్ పక్కన డుమస్ సముద్రపొడ్డున భజియాలు తింటూ తలెత్తి చూస్తే, ఇళ్లు అమ్మేవాళ్లెవరో చేప ఆకారపు గాలిఓడను తాడు కట్టి ఎగరేశారు. నా మనవరాలు ఫొటో తీసుకుంది. నేను మాత్రం దాని పొట్ట మీద అతుకు ఉందేమోనని వెతికాను.

మా నాయన సూరత్‌లో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. మోకాళ్లు పట్టేసి, పన్నెండు సాంచాల నడుమ తిరగలేకపోతున్నాడని సేటు ఊరికి పొమ్మన్నాడు. ఊళ్లో మాకు ఇల్లూ లేదు, ఆయనకు పనీ లేదు. సరిగ్గా అప్పుడే సేటు చీరల దుకాణం మీద ఎగరేసిన గాలిఓడ గాలికి ఊగి, పక్క మేడ ఇనుప చువ్వకు గీసుకుని జానెడు చిరిగింది. నాయన నేను బాగుచేస్తానన్నాడు. దీపావళి అమ్మకాలు అయ్యేదాకా అది పైన నిలబడితే, దుకాణంలో కూర్చుని చీరలు మడతపెట్టే పని ఇస్తానన్నాడు సేటు.

చిరుగు కనపడకుండా పోగులతో అల్లే రఫూకి నాయన పెట్టింది పేరు. గాలిఓడ గుడ్డ అంచులోంచే పోగులు లాగి, రెండు రోజులు కూర్చుని, చిరుగు ఎక్కడుందో తానే వెతుక్కునేంత సన్నగా అల్లాడు. పొద్దున గ్యాసు నింపితే లేచింది. మధ్యాహ్నానికి గర్భిణిలా మెల్లగా దిగి మేడ మీద కూర్చుంది. సేటు ఒక్కరోజే గడువిచ్చాడు. గ్యాసు నింపే ఆయన నాయనకు విడమరిచి చెప్పాడట: లోపలి గ్యాసు గాలికన్నా తేలిక, చుట్టూ ఉన్న బరువు గాలే దాన్ని పైకి నెడుతుంది, నువ్వు సూది గుచ్చిన ప్రతిచోటా ఆ గ్యాసు కారిపోతోందని.

నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ చాట పక్కన పెట్టి అడిగింది.

"సైకిల్ ట్యూబు పంచరైతే సూది దారం వడ్తవా? అతుకేస్తవు గద."

"అతుకేస్తే కనవడ్తదే. అందరు నవ్వుతరు."

"కనవడనీ. జర నవ్వనీ. మనం ఈడ ఉండాలె."

మర్నాడు గ్యాసాయన దగ్గర అదే రకం గుడ్డముక్క, జిగురు అడిగి తెచ్చి, తన రఫూ మీద తనే అరచేతంత అతుకు అంటించాడు. అతికిస్తూ ఒక్కసారి కూడా తలెత్తలేదు. అమ్మకాలయ్యేదాకా గాలిఓడ దిగలేదు. బజారంతా ఆ అతుకును చూసింది.

నాయన ఇంకా నాలుగేళ్లు ఆ దుకాణంలో చీరలు మడతపెట్టాడు. అప్పుడు నాలుగేళ్లు ఏపాటి అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి చూస్తే, మేమంతా కలిసి బతికిన చివరి కాలమంటే అదే.