లారీ ఎక్కిన అవ్వ

గోదావరి దాటి భూపాలపల్లి అడవిలోకి వచ్చేనాటికి నేను బాగా చిన్నపిల్లను. ఛత్తీస్‌గఢ్‌లో మా ఊరిని ఎవరో తగలబెట్టారు. ఆ మంటల తర్వాత మా నాయిన మళ్ళీ కనబడలేదు. అమ్మా నేనూ మావాళ్ళతో పాటు అడవి అంచున గుడిసె వేసుకున్నాం. పక్క ఊళ్ళో ఒక అవ్వ చేనులో మిరపకాయలు ఏరడానికి పోయేవాళ్ళం. నాకు తెలుగు నేర్పింది ఆ అవ్వే. నేను తప్పు పలికితే పకపకా నవ్వేది.

ఎక్కడి నుంచి వచ్చినవాళ్ళను అక్కడికే పంపించాలని సర్కారు అనుకుంటున్నదని ఒక ఏడాది మాట పుట్టింది. అప్పటి నుంచి అమ్మకు కంటి మీద కునుకు లేదు. జీపు చప్పుడైతే చాలు, నా నోరు మూసి పొదల్లోకి లాక్కుపోయేది.

ఒక పొద్దున జీపు వెనకే లారీ కూడా వచ్చింది. ఈసారి పారిపోయే సందు దొరకలేదు. సామాను సర్దుకోమన్నారు. సర్దడానికి ఏముంది, రెండు గిన్నెలూ ఒక దుప్పటీ. నా కళ్ళ ముందు మాత్రం మంటలే ఆడాయి. అమ్మ కొంగు పట్టుకుని లారీ ఎక్కాను.

కూలోళ్ళు రాలేదేమని వెతుక్కుంటూ అవ్వ అప్పుడే వచ్చింది. సంగతి విని తనూ లారీ ఎక్కి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"నువ్వెందుకు ఎక్కినవ్ అవ్వా? దిగు" అన్నాడు జీపులో వచ్చిన ఆఫీసరు.

"వీళ్ళతోని నేనూ వస్త బిడ్డా. ఏ ఇంటి ముంగట దించుతరో చూసి తిరిగొస్త."

"ఇండ్లు ఏడున్నయ్? అన్నీ కాలిపోయినయ్ గదా!"

"మరి పిల్లలను ఏడ దించుతవ్?"

ఆయన జీపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. మావాళ్ళంతా అవ్వ ధైర్యాన్ని నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఒళ్ళో ఉన్న నాకు ఒక్కదానికే తెలుసు, ఆమె కాళ్ళు గజగజా వణుకుతున్నాయని. వంగి నా చెవిలో, "భయమైతున్నదా? నాకు గూడ అయితున్నది. గట్టిగ పట్టుకో" అంది.

లారీ కదలలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చాక, దించే చోటు తేలక మమ్మల్ని దిగమన్నారు. తర్వాత కూడా మా గుడిసెలు పీకారు, మళ్ళీ వేసుకున్నాం. పంపించేస్తారన్న మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

ఎదురు నిలబడేవాళ్ళకు భయముండదని ఆ లారీ ఎక్కిన రోజుదాకా అనుకునేదాన్ని. అవ్వ ఇప్పుడు లేదు. మా గూడెం తరఫున ఆఫీసులకు పోయి మాట్లాడేది నేనే. పోయిన ప్రతిసారీ నాలుక ఎండిపోతుంది. భయం తగ్గాక మాట్లాడదామని మాత్రం ఎన్నడూ ఆగలేదు.