వెచ్చగా ఉన్న డబ్బా

పోయిన చలికాలం మేం చింతపల్లిలో ఒక కాఫీ తోట పక్కన అద్దెకుండేవాళ్లం. మాతోనే ఉండే మా తమ్ముడు కొత్తగా గేమింగ్ కంప్యూటర్ కొన్నాడు. వారం తిరక్కుండానే అది వేడెక్కిపోయి, ఆట మధ్యలో దానంతటదే ఆగిపోసాగింది. వాడు విండోస్ మళ్లీ ఎక్కించాడు, గేములు మార్చి చూశాడు. అయినా అంతే.

ఆ చలికి మా మూడేళ్ల పాప మాత్రం నేల మీదున్న సీపీయూ డబ్బాకు వీపు ఆనించి కూర్చునేది. "ఎచ్చగుంది మామా!" అని నవ్వేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం లోపలి నుంచి కాలిన వాసన వచ్చింది. "ఫేను తిరగట్నేదక్కా, దుమ్ము పట్టీసినట్టుంది" అంటూ తమ్ముడు ప్లగ్గు పీకి, డబ్బా పక్క రేకు ఊడదీశాడు. పాప వాడి భుజం మీదుగా తొంగి చూస్తోంది. లోపల చేయి పెట్టినవాడు ఒక్కసారిగా వెనక్కి పడ్డాడు.

"అక్కా, గుంటని ఎత్తుకో! బేగి ఎత్తుకో!"

పాపను చప్పున చంకనెత్తుకుని లోపలికి చూశాను. ఫ్యానుకు చుట్టుకుని పాము కుబుసం ఉంది. అది ఎండిపోలేదు, ఇంకా మెత్తగా, తడిగా ఉంది. డబ్బా వెనకనున్న సందులోంచి పాము లోపలికి దూరినట్టుంది.

పాపను మంచం మీద నిలబెట్టి ఒళ్లంతా వెతికాను. ఎక్కడా గాటు లేదు. ఇరుగుపొరుగు వచ్చి బియ్యం డ్రమ్ము దగ్గర్నుంచి పరుపుల దాకా ఇల్లంతా తిరగేశారు. పాము దొరకలేదు. ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేశాం.

తర్వాత కంప్యూటర్ ఎప్పుడూ ఆగలేదు. పాప అంతా మరిచిపోయింది. నేనే మరవలేకపోతున్నాను. ఆ పామును మేం ఒక్కసారీ చూడలేదు. అది మాత్రం ఎన్నాళ్లు మా మధ్య ఉందో, నా బిడ్డ వీపు వెనక ఎంతసేపు పడుకుందో!