క్యామ్ తప్పిన రోజులు

మే 14, మంగళవారం. ఉదయం పదిన్నర. కుంఠా నాకా దగ్గర మా షెడ్డు. ఉన్నవారు: షెడ్డు నడిపే మా తమ్ముని కొడుకు, పుణె నుంచి వచ్చిన సర్వీసు ఇంజనీరు, మిల్లింగ్ మషీను నడిపే అమ్మాయి, మగ్గాల దగ్గర పనివాళ్ళు, నేను.

ఎవరెవరు ఉన్నారో ముందుగా రాసుకోవడం మిల్లులో మగ్గాలు చూసుకునే జాబరుగా పనిచేసినప్పటి అలవాటు. మగ్గం ఆగిపోతే దగ్గర ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న. మిల్లు మూతపడింది, నాకు వయసైపోయింది, డైరీ మాత్రం మిగిలింది.

ఆ రోజు తేలవలసింది ఒకటే. ఆ అమ్మాయి పనిలో ఉంటుందా, పోతుందా.

షెడ్డులో ఒక పక్క చద్దర్లు నేసే నాలుగు పవర్‌లూములు ఉన్నాయి. రెండో పక్క, ఒకప్పుడు మా నాయన గుంట మగ్గం ఉన్న చోట, కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మషీను ఉంది. చుట్టుపక్కల మగ్గాలకు కావలసిన క్యామ్‌లు దాని మీద కోస్తారు. క్యామ్ అంటే మగ్గంలో పోగులను పైకి, కిందికి ఆడించే ఇనుప బిళ్ళ. దాని అంచు వంపు కొంచెం తప్పినా పోగులు తెగుతాయి.

ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. ఆమె తల్లి, నా భార్య ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవారు. ఆ అమ్మాయి కూడా చుట్టింది. తర్వాత ఆరు నెలలు మషీను పని నేర్చుకుని ఇక్కడికి వచ్చింది. మా గల్లీలో బీడీల చాట వదిలి మషీను ముందు నిలబడిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఏడాదిగా ఒక తప్పు వస్తోంది. కొన్ని రోజులు పొద్దున కోసిన క్యామ్‌లు సరిగ్గా ఉండేవి, మధ్యాహ్నం కోసినవి పక్కకు జరిగేవి. మషీను ఆపి, మళ్ళీ కోత మొదలయ్యే చోటికి పంపి సున్నా పట్టుకుంటే కాసేపు సరిపోయేది. అందుకే ఆమె సున్నా సరిగ్గా పట్టుకోవడం లేదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఇంజనీరు రావడం అది నాలుగోసారి. ఒకసారి మోటారు మార్చాడు. ఒకసారి మోటారును నడిపే డ్రైవ్‌లో అంకెలు తగ్గించి మషీను దూకుడు తగ్గించాడు. కోత నెమ్మదించింది, తప్పు పోలేదు. ఫోను చేసిన రెండు మూడు రోజులకు గాని అతను రాడు. అతను వచ్చేసరికి మషీను బుద్ధిగా నడిచేది.

ఆ మంగళవారం తనే సున్నా పట్టుకుని ఆరు క్యామ్‌లు కోశాడు. గేజి పెట్టి కొలిచాడు. ఆరూ సరిగ్గా ఉన్నాయి. చేతులు తుడుచుకుంటూ, "మషీనులో దోషం ఏమీ లేదు. నడిపే చేతిని చూసుకోండి," అని మరాఠీలో అన్నాడు.

మా తమ్ముని కొడుకు ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నవా చెల్లె? రేపటి సంది రాకు. క్యామ్‌లు కొన్న లూముల వాళ్ళు నా మీదికి వస్తున్నరు."

"మొన్న నువ్వే పక్కకు నిలబడి చూసినవు గద అన్నా. సున్నా బరోబర్ పట్టిన్నా లేదా?"

"పట్టినవు. మరి క్యామ్ ఎట్ల జరిగింది?"

"నన్ను అడుగుతవేంది? నేను పెట్టిన కాడ అది ఉంటలేదు. కాళ్ళొచ్చినయి దానికి."

లూముల దగ్గర ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు చూసింది.

"కాకా, నువ్వన్న చెప్పు. దినాం ఈడనే కూసుంటవు, అన్ని రాస్తవు."

నా భార్య పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఎవరేది అడిగినా ఆ ప్రశ్న నన్ను చేరడానికి సమయం పడుతోంది. ఆ అమ్మాయిని పంపేస్తున్నారని తెలుస్తూనే ఉంది. జాలి కలగలేదు, కోపమూ రాలేదు. చెయ్యి మాత్రం డైరీ తెరిచింది.

నేను రోజూ రాసేవి కొన్ని ఉన్నాయి. ఎండ ఎంత, లూములు ఎన్ని నడిచాయి, నల్లా వచ్చిందా లేదా. మాకు నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తుంది కాబట్టి ఆ మాట తప్పకుండా రాస్తాను. "క్యామ్ తప్పింది" అన్న మాట ఉన్న పేజీలు వెతికాను. ప్రతి పేజీలోనూ రెండు వరుసల పైన "నల్లా వచ్చింది" అని ఉంది. వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పాను. అన్నిటా అంతే. నా భార్య ఉన్న రోజుల దాకా వెళ్ళాక మాత్రం నల్లా వచ్చినా క్యామ్ తప్పలేదు.

అక్కడ ఆగాను.

కొత్త నీళ్ళు వచ్చిన రోజు డ్రమ్ములో మిగిలిన పాత నీళ్ళు తాగం. నా భార్య వాటితో బీడీ ఆకులు నానబెట్టేది. ఆమె పోయాక ఆకులు లేవు. ఆ నీళ్ళు మోరీలో పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. నాలుగు బకెట్లు షెడ్డుకు మోసుకొచ్చి లూముల కింద బండల మీద పోసేవాణ్ణి. గాలి పొడిగా ఉంటే పోగు తెగుతుంది, నేల తడిగా ఉంటే నిలుస్తుంది. మామూలు రోజుల్లో చెంబుడు చల్లేవాణ్ణి. నల్లా రోజున నాలుగు బకెట్లు.

ఆ నేలలో అన్నిటికంటే పల్లం మా నాయన మగ్గం గుంట. దాని మీద బండ పరిచి ఉంది. మషీను పెట్టినప్పుడు, కాళ్ళకు అడ్డం రాకుండా మోటారు కేబుళ్ళను ఆ బండ కిందినుంచే తీశారు.

"మషీను నడవనీ. నేను నీళ్ళు పోస్తా," అన్నాను.

"పెద్దనాయనకు ఎండ తాకినట్టున్నది," అన్నాడు మా తమ్ముని కొడుకు. "మూడు రోజులాయె నల్లా లేక. అవి తాగే నీళ్ళు."

"పోయనీ అన్నా. ఎట్లన్న నేను పోయేదే గద, చూసి పోత," అంది ఆమె.

షెడ్డు డ్రమ్ములోంచి నాలుగు బకెట్లు ఎప్పుడూ పోసే చోటే పోశాను. ఇంజనీరు స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకున్నాడు. మొదటి క్యామ్ సరిగ్గా వచ్చింది. రెండోదీ సరే. నాలుగోది తీసి గేజి పెట్టినప్పుడు అతను ఫోను జేబులో పెట్టేశాడు. క్యామ్ అర మిల్లీమీటరు జరిగింది. సున్నా పట్టింది అతనే.

నలుగురం కలిసి బండ లేపాము. గుంటలో చెమ్మ మట్టి, దాని మధ్య కేబులు అతుకు. విప్పితే పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది.

ఇంజనీరు అప్పుడు వివరంగా చెప్పాడు. మోటారు వెనక ఎన్‌కోడరు అనే చిన్న డబ్బా ఉంటుంది. మోటారు ఎంత తిరిగిందో అది లెక్కపెట్టి కంప్యూటరుకు చెబుతుంది. అతుకు తడిస్తే కొన్ని లెక్కలు దారిలోనే పోతాయి. తక్కువ తిరిగానని మషీను అనుకుంటుంది, ఇంకొంచెం తిరుగుతుంది. ఆరిపోయాక మామూలే.

అతుకు కోసి పారేశారు. నీళ్ళు దూరని కొత్త కనెక్టరు వేసి, కేబులును గోడ వెంట పైపులో పైకి తీశారు. తగ్గించిన అంకెలు మళ్ళీ పెంచేసరికి పాత వేగం వచ్చింది. నీళ్ళు మళ్ళీ పోయించి ఎనిమిది క్యామ్‌లు కోశారు. ఎనిమిదీ సరిగ్గా వచ్చాయి. సున్నా పట్టింది ఆమె.

"రేపు జల్ది రా చెల్లె," అన్నాడు మా తమ్ముని కొడుకు, మషీను వైపు చూస్తూ.

"పొద్దుగాల రాకంటివి, ఇప్పుడు జల్ది రమ్మంటున్నవు. ఏదన్న ఒకటి కాకా బుక్కుల రాయించు."

తర్వాత టిఫిన్ డబ్బా తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏడాది మాటలు పడ్డ కాకా. నీ నీళ్ళకు."

"నాదే చూక్," అని తప్పు ఒప్పుకున్నాను. సిగ్గు రావలసింది. రాలేదు. ఆమె డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నల్లా వచ్చింది. డ్రమ్ము కడిగి నింపాను. పాత నీళ్ళు బకెట్లో పట్టుకుని షెడ్డు గడప దాకా వచ్చాక గాని నేనేం చేస్తున్నానో తెలియలేదు. అక్కడే ఆగాను. ఆమె అప్పటికే వచ్చి మషీను తుడుస్తోంది. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టి వచ్చింది.

"ఇటియ్యి. మా అమ్మ ఆకులు నానబెడ్తది."

"ఇంట్ల ఇంక మూడు బకెట్లు ఉన్నయి," అన్నాను.

"ఉండనీ. పారబోయకు, నేనే వచ్చి తీస్కవోత."

బకెట్ తీసుకుని, చీర తడవకుండా చేయి దూరంగా పెట్టి, గల్లీలోకి నడిచింది. ఆమె వచ్చేదాకా మషీను దగ్గర నేను నిలబడ్డాను.